బావ కారులో కూత

జూలై 6, ఆదివారం

ఈ డైరీ బ్యాటరీ డీలరు ఇచ్చింది. ఆరు నెలలుగా ఏ కారులో ఏ రంగు వైరు ఎక్కడికి పోతుందో రాసుకోవడానికే పనికొచ్చింది. ఈ రోజు ఒక ఘనకార్యం చేశాను. ఎవరికీ చెప్పకూడదు, చెప్పకుండా ఉండలేను, అందుకని ఇక్కడ రాస్తున్నాను. ఇంట్లో ఎవరూ చదవలేరు. నా పెళ్ళాం సుధారాణి హిందీ బడిలో చదివింది, తెలుగు అక్షరాలు దానికి జిలేబీ చుట్టలు. నేను రైల్వే తెలుగు బడిలో ఏడు దాకా వెలగబెట్టాను.

నీలకంఠం బావ కారు కొన్నాడు. మా అక్కని చేసుకున్న ముప్పై ఏళ్ళకి. పాతది, తెల్లది, చిన్నది. టాటానగర్‌లో గూడ్సు బండి డ్రైవరు ఆయన. ఇప్పుడు లోకో పైలట్ అనాలట, డ్రైవరంటే మూతి ముడుస్తాడు. ఆయన గొప్పంతా చెవుల్లోనే ఉంది. మా ఇంటికొస్తే కూర్చోకముందే "ఒరే, ఆ ఫ్యాను బేరింగు రెండు నెల్లకి మించి రాదు" అంటాడు. రెండు నెలలకి పోతుంది. అదే నా కడుపుమంట.

స్టీరియో పెట్టమని బర్మామైన్స్‌లో నా షాపుకి తెచ్చాడు. పెట్టాను. ఎర్త్ వైరుని ఉత్త ఇనుముకి బిగించాలి, పెయింటు గీకి, మెరిసేదాకా గీకి. అది పనివాడి పద్ధతి. నేను డాష్‌బోర్డు కింద పెయింటు మీదే స్క్రూ వేసి బిగించాను. పాట మోసే సన్న వైరుని, బ్యాటరీ నుంచి వచ్చే లావు వైరుని అన్నదమ్ముల్లా కలిపి టేపు చుట్టాను. స్టీరియో కట్టేసినా యాంప్లిఫయర్ ఆగకుండా దాని వైరుని ఇంజన్ తాళానికి కలిపాను. అంతే. ఇంజన్ స్టార్ట్ చేస్తే స్పీకర్లలో సన్నగా కూత. యాక్సిలరేటర్ తొక్కితే పైకెక్కుతుంది, వదిలితే దిగుతుంది. ఇంజన్ ఆపితే ఆగుతుంది. దోమ సంగీతం నేర్చుకున్నట్టు ఉంటుంది.

"ఏటిరా ఇది" అన్నాడు బావ, స్టార్ట్ చేయగానే.

"ఏటి బావా."

"సన్నగా కూత. ఇనపడ్డం నేదా."

"నాకేటీ ఇనపడ్డం నేదు. నీయంత సెవులు నాకెక్కడివి."

బానెట్ ఎత్తి, తల లోపల పెట్టి, కళ్ళు మూసుకున్నాడు. కూత బానెట్ కింద ఉండదు. కారు లోపల, తలుపు స్పీకర్లలో ఉంటుంది. అయినా ఆయనకి అక్కడే వినబడింది. "ఆల్టర్నేటర్ బేరింగు. రాసుకో" అన్నాడు. రాసుకున్నాను, ఇదిగో.

నా పెళ్ళిలో కిళ్ళీలో మిరపగింజలు పెట్టి తినిపించింది ఎవరు? పెళ్ళి ఫొటోలన్నిటిలో ఏడుస్తూ ఉంటాను. బావకీ బామ్మర్దికీ మధ్య ఈ మాత్రం లేకపోతే ఆ చుట్టరికం దేనికి. ఇరవయ్యో తేదీ బావ కూతురు యోగిత పుట్టినరోజు. అందరి ముందూ డాష్‌బోర్డు విప్పి ఆ స్క్రూ చూపిస్తాను. అప్పటిదాకా నోరు కుట్టేసుకోవాలి.

జూలై 9, బుధవారం

గోల్‌మురిలో ఎవరో మెకానిక్‌కి చూపించాడట. బెల్టు మార్పించాడు. బేరింగు బాగానే ఉందన్నాడట మెకానిక్. "ఆడికేటి తెల్సు. ఆడు సెవుల్తో పుట్నేదు" అన్నాడు బావ ఫోనులో. నవ్వాపుకోవడానికి రెంచి పళ్ళతో కరిచిపట్టుకున్నాను. పన్ను నొప్పి.

జూలై 13, ఆదివారం

బావ పొద్దున్నే వచ్చాడు. వానలో తడిసి, కారు బయట పెట్టి. డ్యూటీ దిగి పడుకున్నాడట, లేచేసరికి ఎడమ చెవి దిమ్మెక్కినట్టు ఉందట.

"ఒరే, ఆ కూత ఇంజన్ ఆపినా ఇనపడతంది రా. ఇంట్లో కూడా. మంచం మీద కూడా."

ఇంతకంటే ఏం కావాలి. కారులో పెట్టిన కూత మంచం దాకా పోయింది. నా పనితనానికి నేనే దండం పెట్టుకున్నాను.

"అది ఇంజన్ది కాదేమో బావా" అన్నాను, గొప్ప ఆలోచన వచ్చినవాడిలా. "స్టీరియో వైరు దగ్గర అనుమానంగా ఉంది. ఆ కూత ఇని ఇని నీ సెవిలో ఉండిపోయింది. సినిమా సూసొచ్చాక పాట ఉండిపోదా, అలగే. ఆదివారం ఇంటికొచ్చి బాగు సేసెత్తాను."

"రైల్వే డాక్టర్‌కి సూపించుకుందునా?"

"సూపించుకో. సెవి అని నువ్వు నోరెత్తితే ముందు నిన్ను ఇంజన్ దించేత్తారు. సెవి సంగతి ఆనక సూత్తారు."

బావ మొహం చూడాలి. ఇంజన్ దించేస్తారనే మాట బాగా పేలింది. టీ కూడా తాగకుండా పోయాడు.

జూలై 16, బుధవారం

అక్క ఫోను చేసింది.

"మీ బావ ఫోను కుడిసెవికి పెడతన్నారు రా తవుడూ. టీవీ ఇంతెత్తున పెట్టేత్తన్నారు. నానేటన్నా ఆఁ, ఆఁ అంతన్నారు."

"నీ మాటలు ముప్పై ఏళ్ళుగా ఇంతన్నాడు గదక్కా. ఎడం సెవి సెలవెట్టింది."

అక్క నవ్వింది. ముందు పుట్టినవాళ్ళు పోతే, నన్ను దక్కించుకోవడానికి మా అమ్మ జోగమ్మ పక్కింటామెకి తవుడికి అమ్మి, మళ్ళీ కొనుక్కుందట. అందుకే తవిటయ్యని. మా అక్క అంటుంది, తవుడు దండగ అని. ఈ మాట ఆమే అనాలి, వేరేవాళ్ళు అంటే ఊరుకోను.

జూలై 20, ఆదివారం

వాళ్ళ క్వార్టరు ముందు, పాతికమంది ముందు, డాష్‌బోర్డు విప్పాను. విప్పేముందు నిజం చెబుదామనే అనుకున్నాను. బావ నా పక్కన చేతులు కట్టుకుని, ఆపరేషన్ థియేటర్ బయట నిలబడ్డవాడిలా నిలబడ్డాడు. ముందు బాగు చేసి, కూత పోయాక ఆ స్క్రూ చేతిలో పెడితే ఇంకా పేలుతుందనిపించింది. పెయింటు గీకాను. ఎర్త్ వైరు మళ్ళీ బిగించాను. సన్న వైరుని విడదీసి అటుపక్క నుంచి లాగాను. యాంప్లిఫయర్ వైరు దాని చోట పెట్టాను. స్టార్ట్ చేశాను. పాట పెట్టాను, ఆపాను. యాక్సిలరేటర్ తొక్కాను. కూత లేదు. పిల్లలు చప్పట్లు కొట్టారు.

"ఇంకా ఉంది" అన్నాడు బావ.

"ఎక్కడ బావా."

"ఇంజన్ ఆపు." ఆపాను. తల ఒక పక్కకి వంచాడు. "ఉంది."

అప్పుడు అర్థమైంది నాకు. దొంగ నీలకంఠం. ఎప్పుడో పట్టేశాడు. స్క్రూ చూసేశాడు, నాకు తిరగ్గొడుతున్నాడు. ఆ మొహం చూస్తే ఎవరైనా నమ్మేస్తారు. సరే, నీ ఆట నువ్వు ఆడు, నేనూ ఆడతాను. "అవును బావా, నాకూ ఇనపడతంది, గట్టిగా ఉంది" అన్నాను. అందరూ నవ్వారు. బావ నవ్వలేదు. ఎంత బిగువు.

యోగిత కేకు పళ్ళెం పట్టుకొచ్చి, "మామా, పాపా కో డాక్టర్ కే పాస్ లే జావోనా" అంది. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలట. కూతురిని కూడా ఆటలో కలిపేసుకున్నాడు. "తీసుకెళ్తా, పశువుల డాక్టర్ దగ్గిరికి" అన్నాను.

స్క్రూ జేబులోనే ఉండిపోయింది.

జూలై 21, సోమవారం

బావ ఇంకా ఒప్పుకోలేదు. గట్టివాడు.

జూలై 24, గురువారం

పరీక్ష పెట్టాను. వాళ్ళింటికెళ్ళి, కుర్చీ ఆయన ఎడమ పక్కకి లాక్కుని, పేపరు చదువుతున్నట్టు తల వంచి, మెల్లగా ఆయన వంశం మొత్తాన్ని తిట్టాను. ఏ మనిషైనా లేచి తన్నాలి. ఆయన కిటికీలోంచి వాన చూస్తూ కూర్చున్నాడు. రెప్ప కూడా కదపలేదు.

ఇలాంటి నటుడు రైల్వేలో ఉండిపోయాడు.

జూలై 27, ఆదివారం

వాన. షాపు తెరవలేదు.

ఆగస్టు 2, శనివారం

నటన కాదు.

యోగిత ఫోను చేసింది. ఏడుస్తూ, అంతా హిందీలో. మొన్న గురువారం బావ యార్డులో ఇంజన్‌ని వెనక్కి నడుపుతున్నాడు. ఎడమ పక్క పట్టాల మీద మనిషి. వాడు విజిల్ ఊదాడట, అరిచాడట. బావకి వినబడలేదు. కుడి పక్క కూర్చునే అసిస్టెంటు చూసి కేక వేస్తే బ్రేకు వేశాడు. ఆ మనిషి పక్కకి దూకేశాడు, మోచెయ్యి గీసుకుంది. అంతే. ఇంకెవరూ చూడలేదు, ఎవరూ అడగలేదు. ఆ మనిషే "హోతా హై" అని, ఇలాంటివి మామూలేనని పోయాడట.

బావ ఇంజన్ దిగి ఆఫీసుకెళ్ళి కాగితం అడిగి రాసిచ్చాడు. నాకు ఎడమ చెవి వినబడటం లేదు, నన్ను బండి ఎక్కించవద్దు అని. తనంతట తనే.

ఇంజన్‌లో అసిస్టెంటు ఎప్పుడూ బావకి కుడి పక్కనే. సిగ్నల్ రంగు ఇద్దరూ పైకి చెప్పుకోవాలి. వాడి మాట కుడి చెవిలో పడుతోంది కాబట్టి ఇన్నాళ్ళూ తెలియలేదు. కారులో మాత్రం పక్కవాడు ఎడమ పక్క కూర్చుంటాడు.

నేను ఎన్నిసార్లు కూర్చున్నాను ఆ సీట్లో.

ఆగస్టు 4, సోమవారం

సాక్చిలో చెవి డాక్టరు. నేనే తీసుకెళ్ళాను. గాజుగదిలో కూర్చోబెట్టి, చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టి, గీతలు తీశారు. కుడి చెవి గీత పైన ఉంది. ఎడమ చెవిది అట్టడుగున, చచ్చినవాడి గుండె గీతలాగ.

నరం దెబ్బతిందట. కొందరికి ఇలా ఒక్క పూటలో పోతుందట. కారణం చాలామందిలో తెలియదట. ఆ కూత చెవిలోంచే వస్తోందట, చెవి పోతుంటే అలా కూస్తుందట.

"ఎప్పటి నుంచి?" అన్నాడు డాక్టరు హిందీలో.

"పదమూడో తారీకు పొద్దున్న" అన్నాడు బావ. తడుముకోలేదు.

"వెంటనే వస్తే మాత్రలతో కొంతమందికి తిరిగొస్తుంది. రెండు వారాల లోపు వచ్చినా ఏదో ప్రయత్నం చేసేవాళ్ళం. ఇప్పుడూ రాస్తాను, కానీ ఆశ పెట్టుకోకండి. ఇన్నాళ్ళు ఎందుకు ఆగారు?"

బావ నా వైపు చూడలేదు. డాక్టరు వైపే చూస్తూ చెప్పాడు. "మేరా సాలా కార్ కా మిస్త్రీ హై. కార్ స్టీరియో కీ ఆవాజ్ హై, బోలా. నాను కూడా అదే అనుకున్నాను."

నా బామ్మర్ది కారు మెకానిక్, ఆ చప్పుడు స్టీరియోదే అన్నాడని. చివరి ముక్క తెలుగులో అన్నాడు. డాక్టరుకి అర్థం కాలేదు. నాకు అయింది.

ఆగస్టు 5, మంగళవారం

కూతకీ చెవుడుకీ సంబంధం లేదు. డాక్టరే అన్నాడు, కారణం తెలియదని. నేను ఎర్త్ వైరు సరిగ్గా పెట్టినా ఆ చెవి పోయేదే. పదమూడో తారీకునే పోయేదే.

పదమూడు నుంచి లెక్కపెట్టాను. రెండు వారాలంటే ఇరవై ఏడు. ఆ రోజు ఏం చేశానో ఈ డైరీలో వెతికాను.

వాన. షాపు తెరవలేదు.

ఆగస్టు 6, బుధవారం

సంబంధం లేదు.

ఆగస్టు 11, సోమవారం

రోజూ వెళ్తున్నాను. మాత్రలు వేసుకున్నాడా లేదా అడుగుతున్నాను. బావ డ్యూటీ లేకుండా ఇంట్లో ఉంటే ఇల్లు ఇరుకుగా ఉంది. ముప్పై ఏళ్ళుగా ఆయన రావడం పోవడమే గాని ఉండటం వాళ్ళకి తెలియదు. గోడ వాచీ తీసి కుడి చెవి దగ్గర పెట్టుకుంటాడు, తర్వాత ఎడమ చెవి దగ్గర. మళ్ళీ కుడి. మళ్ళీ గోడకి తగిలిస్తాడు.

అక్క అన్నం పెట్టింది. "అందరూ పలకరించిపోయారు. నువ్వొక్కడివే రోజూ వత్తన్నావు" అంది. పెరుగు రెండుసార్లు వేసింది. తిన్నాను. తినకపోతే ఎందుకు తినలేదంటుంది.

ఆ మాట నేను ఎందుకన్నాను? చెవి అంటే ఇంజన్ దించేస్తారని. అబద్ధమా? అబద్ధం కాదు. దించేశారుగా.

ఆగస్టు 18, సోమవారం

మళ్ళీ గీతలు తీశారు. అదే గీత. మాత్రలు ఆపేయమన్నాడు.

ఆగస్టు 22, శుక్రవారం

రైల్వే మెడికల్‌లో బండి నడపడానికి పనికిరాడని రాశారు. ఉద్యోగం ఉంటుంది, కుర్చీలో. డ్యూటీకొచ్చే డ్రైవర్ల పేర్లు రిజిస్టర్‌లో రాయాలి. నిన్నటిదాకా పక్కన నిలబడి టీ తాగినవాళ్ళు రేపటి నుంచి కిటికీ అవతల నిలబడి సంతకం పెడతారు.

బావ కిందకి వచ్చి కారులో కూర్చున్నాడు. ఇంజన్ స్టార్ట్ చేయలేదు, అద్దాలు ఎత్తేసుకున్నాడు. గంటసేపు. నేను పై నుంచి చూస్తున్నాను. పక్కన అక్క.

"ఆ కార్లో ఏటుంది రా" అంది. "దిక్కుమాలిన కారు. అది వచ్చిన కాడ్నించే."

"కారేటి సేసిందక్కా" అన్నాను.

"మరెవరు సేసారు?"



ఆగస్టు 29, శుక్రవారం

షాపుకి ఎవడో కొత్త కుర్రాడు కారు తెచ్చాడు. స్టీరియో పెడితే కూత వస్తోంది, వేరేచోట పెట్టించానన్నాడు. విప్పాను. పెయింటు మీద స్క్రూ. నేను కాదు పెట్టింది. ఎవడో తెలియక పెట్టాడు. గీకి గీకి వేలు తెగింది. "బస్ భయ్యా, హో గయా" అంటున్నాడు ఆ అబ్బాయి, ఇక చాలని. ఇంకా గీకుతూనే ఉన్నాను.

నాకు తెలుసు. ఇంజన్ ఆగితే ఆల్టర్నేటర్ ఆగుతుంది. ఆల్టర్నేటర్ ఆగితే కూత ఆగుతుంది. పాతికేళ్ళుగా ఈ పని చేస్తున్నాను. ఇంజన్ ఆపినా వినబడుతోందని ఆయన అన్న క్షణానే నాకు తెలియాలి, అది నా కూత కాదని.

తెలిసింది. నవ్వొచ్చింది. నవ్వు ముందు వచ్చింది.

సెప్టెంబరు 2, మంగళవారం

చెప్పెయ్యాలి.

సెప్టెంబరు 4, గురువారం

ఎలా చెప్పను? చెబితే ఏమవుతుంది, చెవి వస్తుందా? నా భారం దించుకోవడానికి ఆయన నెత్తిన పెట్టడం కాదా? ఇది సుధారాణికి వేరేవాళ్ళ కథలాగ చెప్పి అడిగాను. పప్పు కడుగుతూ వింది. "చెప్పకపోతే వాడు మళ్ళీ ఆ ఇంట్లో అన్నం ఎలా తింటాడు" అంది.

దానికి తెలుగు చదవడం నిజంగా రాదా?

సెప్టెంబరు 7, ఆదివారం

చెప్పేశాను.

బావ కారులో పర్సుడీహ్ బజారుకి వెళ్ళాం. ఆయన తోలుతున్నాడు, నేను పక్క సీట్లో. పాట పెట్టాను, మరీ గట్టిగా కాదు. బ్రిడ్జి కింద దిగేటప్పుడు మొదలుపెట్టాను. పెయింటు మీద స్క్రూ, కలిపి చుట్టిన వైర్లు, తాళానికి కలిపిన యాంప్లిఫయర్. పదమూడో తారీకు నేనేం అన్నానో. ఇంజన్ ఆగితే కూత ఆగాలని నాకు తెలుసనీ. పుట్టినరోజు నాడు స్క్రూ జేబులో ఉంచుకున్నాననీ. ఏదీ వదల్లేదు. బజారు వచ్చేదాకా చెప్పాను. బావ రోడ్డు చూస్తూ తోలాడు. కారు ఆపి, సంచి తీసుకుని, "వంకాయలు కొను, నాను ఉల్లిపాయలు సూత్తాను" అన్నాడు.

నేను చెప్పాను. మనిషి పక్కన కూర్చుని, మొత్తం చెప్పాను. వినబడకపోతే నాదా తప్పు?

సెప్టెంబరు 8, సోమవారం

బాగా నిద్రపట్టింది.

సెప్టెంబరు 11, గురువారం

పట్టలేదు.

సెప్టెంబరు 17, బుధవారం

విశ్వకర్మ పూజ. పొద్దున్నే స్పానర్లు, స్క్రూడ్రైవర్లు, మీటరు, డ్రిల్లు అన్నీ కిరోసిన్‌తో కడిగి తుడిచి, పటం ముందు పేర్చి, కుంకం పెట్టి బంతిపూలు వేశాను. వీధిలో ప్రతి గ్యారేజీ ముందూ మైకు, భోజ్‌పురి పాటలు. దేవుడి ముందు పెట్టిన పనిముట్టు రేపటిదాకా ముట్టుకోకూడదు. ఎంత పెద్ద కస్టమరు వచ్చినా సరే, రేపు రమ్మంటాం.

పదకొండింటికి బావ వచ్చాడు. కారుకి పూజ చేయించమన్నాడు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాను, కొబ్బరికాయ కొట్టాను, స్టీరింగుకి దండ కట్టాను. ప్రసాదం తిన్నాడు. బూందీ ఒక్కొక్కటే తిన్నాడు. పటం ముందు పేర్చినవన్నీ చూశాడు.

"ఈ రోజు ఇయ్యేటీ ముట్టుకోవు గదరా."

"ముట్టుకోకూడదు బావా."

"అంటే నీ సేతిలో ఏటీ ఉండదు. ఏటీ బాగు సెయ్యలేవు."

"రేపు సేత్తాను. ఏటయింది కారుకి?"

"కారుకేటీ అవనేదు." తాళం నా చేతిలో పెట్టాడు. "నువ్వు తోలు."

ఆయన అటు తిరిగి వెళ్ళి, పక్క సీట్లో, ఎడమ పక్క, నేను ఎప్పుడూ కూర్చునే చోట కూర్చున్నాడు. బెల్టు పెట్టుకున్నాడు. నేను స్టీరింగు ముందు కూర్చున్నాను. అప్పుడు గానీ తట్టలేదు. ఆయన కుడి చెవి నా వైపు ఉంది.

వీధి చివర మైకుల మోత తగ్గాక స్టీరియో కట్టేసి అన్నాడు.

"ఆ ఆదివారం బజారుకెళ్ళినప్పుడు నీ పెదాలు సానాసేపు కదిలినాయి. పాట పాడతన్నావేమో అనుకున్నాను. నీకు పాటలు రావు. అద్దంలో సూసాను. ఏడుత్తా పాడతారేటి?"

ఏడ్చానా? ఆ రోజు పేజీ ఇప్పుడు తిప్పి చూశాను. నేను రాయలేదు.

"అందరూ ఇప్పుడు నా కుడి పక్కకొచ్చి మాటాడతన్నారు. మీ అక్క అన్నం వడ్డించినా కుడి పక్కనే నిలబడతంది. పాలోడు కూడా. నువ్వు మాత్రం ఎడం పక్క కూకుని, పాట పెట్టి, అంతసేపు మాటాడినావు. పది రోజులు ఆలోసించాను. నా బామ్మర్ది తెలివితక్కువోడు కాదు. ఇప్పుడు సెప్పు."

చెప్పాను. కుడి చెవికి చెప్పడం వేరు. ఎడమ చెవికి మొత్తం చెప్పడానికి బజారు దాకా పట్టింది, ఇప్పుడు బ్రిడ్జి దాటకముందే అయిపోయింది. నాలుగు మాటలే ఉన్నాయి నిజానికి. కూత నేనే పెట్టాను. ఇంజన్ ఆపినా వినబడుతోందన్నప్పుడు నాది కాదని తెలుసు. డాక్టరు దగ్గరికి వెళ్ళకుండా నిన్ను భయపెట్టాను. నవ్వడానికి చేశాను.

"పక్కన ఆపు" అన్నాడు. ఆపాను. "ఇంజన్ కట్టెయ్."

కట్టేశాను. పట్టాల పక్క ఖాళీ జాగా. అవతల లైన్లో గూడ్సు బండి పోతోంది. పోయేదాకా ఆగాం. ఏ ఇంజన్, దానికేం జబ్బు, ఆయన చెప్పలేదు.

బండి పోయాక తల వంచి విన్నాడు, ఆ పుట్టినరోజు నాడు వంచినట్టే.

"నాకింకా ఇనపడతంది" అన్నాడు. "పడుకున్నా, లేసినా. ఇది ఆగదంట గదా?"

"ఆగదు బావా. డాక్టరు సెప్పాడు."

"నీది అయితే ఆపేద్దువు."

"ఆపేద్దును."

ఆయన తిట్టలేదు. కొడతాడేమోనని చూశాను, కొడితే బాగుండును. నేను ఆయన వంశాన్ని తిట్టింది కూడా చెప్పాను, అదొక్కటీ మిగిలిపోయిందని. ఆయన మొహంలో ఏదో కదిలింది, నవ్వో కాదో తెలియదు.

"మీ అక్కకి సెప్పకు."

"సెప్తాను బావా. సెప్పాలి."

"సెప్పకు. దానికి మొగుడి సెవి ఎలగూ పోయింది. ఉన్నది ఒక్క తమ్ముడు." తాళం తీసుకున్నాడు. "రోజూ వత్తన్నావు గదా. అలగే రా. ఆవిడ పెట్టింది తిను. ఆవిడ పొగుడితే ఇను. నువ్వు రెండు సెవుల్తోటీ ఇను."

దిగి, ఇటు తిరిగి వచ్చి, నా తలుపు తీశాడు. దిగాను. ఆయన కారు తోలుకుని పోయాడు. నేను నడిచి షాపుకి వచ్చాను. చేతులకి పొద్దుటి కిరోసిన్ వాసన ఇంకా ఉంది.

సెప్టెంబరు 18, గురువారం

పొద్దున్నే అక్క ఫోను.

"ఏటిరా తవుడూ, నిన్న బావతో ఏటి మాటాడినావు?"

"ఏటీ నేదక్కా. ఊరికే తిరిగాం."

"రెండు నెలలయింది మనిషి కంటి నిండా పడుకుని. రేత్రి పడుకున్నారు. నువ్వుంటే ఆరికి ధైర్యం రా. బామ్మర్ది బతక్కోరతాడు, దాయాది సావకోరతాడని ఊరికే అన్నారా పెద్దోలు. మద్దేనం అన్నానికి రా. సేపల పులుసు సేత్తన్నాను."

"వత్తానక్కా."

ఫోను పెట్టేసి పటం ముందు పూలు తీశాను. పూజ అయిపోయింది, ఈ రోజు పనిముట్లు ముట్టుకోవచ్చు. స్క్రూడ్రైవరు తీసి తుడిచి జేబులో పెట్టుకున్నాను. బయట రెండు కార్లు ఆగి ఉన్నాయి.

పన్నెండున్నరకి షట్టరు దించి అక్క ఇంటికి వెళ్ళాలి.